నాలుగు సెకన్ల కొసరు

ట్వోరోయ్రి ఆస్పత్రి నుంచి వచ్చిన ఉత్తరంలో ఒకటే వాక్యం:
"మాకు సెకనుకి నూరు మెగాబిట్లు కావాలి."
కింద సంతకం, డాక్టర్ ట్రోందుర్.

మార్యూన్ ఆ కాగితం తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టింది.
వెలుతురు కోసమేం కాదు, బయటంతా పొగమంచే,
పెన్సిలు అక్కడుంది గనక.
"నూరన్నది అడిగేవాళ్ళ అంకె," అంది.
"మోసేవాళ్ళ అంకె వేరే ఉంటుంది. కట్టు."

నేను చేరి అప్పటికి మూడో వారం.
టోర్స్‌హావ్న్ శివార్లో, పచ్చిక మొలిచిన కప్పు కింద,
వెంట్రుకంత గాజు సముద్రంలోకి దిగే గది అది.
దక్షిణపు దీవికి మాకున్నది ఒకటే దారి,
నూట యాభై అయిదు మెగాబిట్లు, చిల్లర.
నూట యాభై అయిదులోంచి నూరు తీసేసి
యాభై అయిదు మిగులుతుందన్నాను ధీమాగా.

ఆమె నవ్వలేదు.
ఉన్ని చేతితొడుగు విప్పి బల్ల మీద గళ్ళు గీసింది.
అడ్డంగా తొమ్మిది వరసలు,
నిలువునా రెండు వందల డెబ్భై.
"మొదటి తొమ్మిది నిలువులూ దారి ఖర్చు.
సరుకు ఆ తర్వాతే.
సెకనుకి ఎనిమిది వేల సార్లు
ఈ పలక నిండుతుంది, చెరుగుతుంది."

ఆ సరుకు చోట్లో అరవై మూడు చిన్న పెట్టెలు.
ఒక్కో పెట్టెలో ముప్పై అయిదు బైట్లు,
అందులో ఒకటి కాపలావాడు.
మోత ముప్పై నాలుగే.
అంటే పెట్టెకి రెండు పాయింట్ ఒకటి ఏడు ఆరు.
నూరుని దానితో భాగిస్తే
నలభై అయిదూ, ఇంకా కాస్తా.
"ఆ కాస్తకీ ఓ పెట్టె ఇవ్వాల్సిందే," అంది మార్యూన్.
"పెట్టెని కొయ్యలేం. నలభై ఆరు రాయి."

మా నాయనమ్మ కొండ ఎంతని అడిగితే
ఎవరూ గజాల్లో చెప్పేవారు కారు.
రెండు మార్కులు, మూడు గిల్లిన్‌లు అనేవారు.
ఆ కొండ ఎన్ని గొర్రెల్ని చలికాలం దాటిస్తుందో, అదీ దాని కొలత.
చిన్నప్పుడు అదంతా పాతకాలపు చాదస్తం అనుకున్నాను.

అరవై మూడులో నలభై ఆరు పోతే పదిహేడు.
దీవి ఇప్పటికే ఇరవై వాడుకుంటోంది.
చేపల ఫ్యాక్టరీకి ఆరు,
బడికి ఒకటి, పడవలకి వాతావరణం చెప్పేవాళ్ళకి ఒకటి,
తక్కినవన్నీ జనం మాటలు,
పెట్టెకి ముప్పై గొంతుల చొప్పున.
మూడు పెట్టెలు చాలవు.
"ఎవరివి తీద్దామో పేర్లు చదువు."
చదివాను. సుంబా దగ్గర ఆగిపోయాను.
ఆ ఊరికి ఉన్నది ఒక్కటే.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
హీటరు టిక్కుటిక్కుమంది.
తర్వాత ఆమె ఫోనెత్తి డాక్టర్ని అడిగింది:
"నూరే ఎందుకు?"
అటువైపు కాస్త తటపటాయింపు.
"గుండ్రంగా ఉందని రాశాను."
"మీ స్కాన్ ఒకటి నూరులో అయితే ఎంతసేపు?"
"నిమిషం."
మార్యూన్ పెన్సిలు నా వైపు తోసింది.
నలభై మూడు పెట్టెలంటే తొంభై మూడున్నర, కొంచెం పైన.
నిమిషం కాస్తా అరవై నాలుగు సెకన్లు.
"నాలుగు సెకన్లు ఆలస్యమైతే పర్వాలేదా?" అన్నాను,
గొంతు నాదిలా లేదు.
డాక్టర్ ట్రోందుర్ ఆలోచించాడు.
"ఆ నాలుగు సెకన్లూ
నా కళ్ళద్దాలు తుడుచుకోడానికే సరిపోవు, ఇచ్చేశాను."

కొనేవాడు కొసరిచ్చి పోవడం
నేను అదే మొదటిసారి చూడటం.

గురువారం రాత్రి నలభై మూడు దీపాలు పచ్చబడ్డాయి.
పడవ మెట్ల మీద జారిన ఎవరిదో తల
ముక్కలు ముక్కలుగా గాజులో ఎక్కి
ఇవతలి ఒడ్డున మళ్ళీ తలైంది.
గడియారం చూశాను. అరవై నాలుగు.

మార్యూన్ అప్పటికే కోటు వేసుకుంటోంది.
ఒక చేతితొడుగు కనబడక బల్ల కింద వెతుకుతోంది.
ఆ పక్క పెట్టెలో, సుంబాలో,
ఎవరో ఎవరినో
ఈ రాత్రికి ఏం వండావని అడుగుతూ ఉండి ఉంటారు.